11 ఏళ్ల ఉద్యోగం వదిలి ఫుల్‌టైమ్ ఎంటెక్: రాజీనామా ఎప్పుడు పెట్టాలి, ముందు ఏవి సర్దుకోవాలి?

కాడుగోడి_క్యూఏ

నమస్తే. వైట్‌ఫీల్డ్‌లో ఒక ప్రొడక్ట్ కంపెనీలో టెస్ట్ ఆటోమేషన్ పని. 2015 జనవరి 5న చేరాను, అప్పటి నుంచీ అదే కంపెనీ. ఈ ఏడు గేట్ సీఎస్ స్కోరు బాగానే వచ్చింది. ఐఐఎస్సీకి, ఐఐటీ మద్రాసుకి ఎంటెక్ అప్లికేషన్లు పెట్టాను. వస్తే ఆగస్టు మొదట్లో క్లాసులు. ఇంట్లో ఒప్పుకున్నారు కాబట్టి మానేయాలా వద్దా అన్న చర్చ అయిపోయింది. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే తెగడం లేదు.

నోటీసు పీరియడ్ 90 రోజులు. నెల గ్రాస్ 1,60,000, అందులో బేసిక్ 60,000. హోమ్ లోన్ ఇంకా 31 లక్షలుంది, ఈఎంఐ 38,000, వడ్డీ 8.5 శాతం. ఇంటి ఖర్చు, నెల్లూరు పంపేది కలిపి 36,000. పాప స్కూలు నెలకు సగటున 10,000. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 28,000 వస్తుంది. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 14 లక్షలు. అమ్మానాన్న ఇప్పుడు కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు. నాన్నకు 71, షుగర్ ఉంది. అమ్మకు 63.

ఆఫర్ చేతికొచ్చాక రాజీనామా పెడితే 90 రోజులు సరిపోవు, రాకముందే పెడితే భయం. దారి చెప్పండి.

పేరోల్_పద్దు

ముందు తేదీల సంగతి చూద్దాం. ఆగస్టు 1 నుంచి 90 రోజులు వెనక్కి లెక్కేస్తే మే 3 వస్తుంది. కోప్ పోర్టల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ ఎంటెక్ ఆఫర్లు ఇచ్చే ఉమ్మడి వెబ్‌సైట్) ఆఫర్ల రౌండ్లు మే మధ్య నుంచి జులై దాకా నడుస్తాయి. అంటే మొదటి రౌండ్‌కన్నా ముందే రాజీనామా పెట్టాల్సిన పరిస్థితి. దీనికి ఒకటే విరుగుడు: ఐఐటీలు గత ఏళ్ల కనిష్ఠ ఆఫర్ స్కోర్లు పెడతాయి, ఐఐఎస్సీ కూడా డిపార్ట్‌మెంట్ వారీగా పెడుతుంది. మీ కేటగిరీలో మీ స్కోరు గత రెండు మూడేళ్ల కనిష్ఠం కంటే బాగా పైనుంటే మే మొదటి వారంలోనే పెట్టేయండి. అంచు మీద ఉంటే మొదటి ఆఫర్ దాకా ఆగి, మిగిలిన రోజులకు నోటీసు బైఅవుట్ చేసుకోండి, అంటే ఆ రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడటం.

బైఅవుట్ లెక్క బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది. మీ విషయంలో 30 రోజులకు 60,000 పోతుందా 1,60,000 పోతుందా అన్నంత తేడా అది, ఈరోజే తీసి చదవండి. మిగిలిన ఎర్న్‌డ్ లీవును నోటీసుకు సర్దడం మేనేజర్ చేతిలో ఉంటుంది, హక్కు కాదు. నోటీసు రికవరీ మీద ఇంకా జీఎస్టీ వేసే కంపెనీలున్నాయి. 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం దాని మీద జీఎస్టీ లేదు. సర్క్యులర్ నంబరుతో మెయిల్ పెడితే తీసేస్తారు.

త్వరగా వదిలేస్తామన్నారు కదా అని జూన్ 30కే వచ్చేయకండి. గ్రాట్యుటీలో ఆరు నెలలు దాటిన భాగాన్నే పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. మీరు జనవరి 5న చేరారు కాబట్టి జులై 5 దాటితే 12 ఏళ్లు, జూన్ 30కి ఆపితే 11 ఏళ్లే.

ఏడాదికి 15 రోజుల బేసిక్, నెలను 26 రోజులుగా లెక్కేస్తారు. 12 ఏళ్లకు: 60,000 × 15/26 × 12 = 4,15,385.
11 ఏళ్లకు: 3,80,769.

వారం రోజుల తేడాకు 34,616 రూపాయలు. చివరి రోజు జులై 10 తర్వాత పడేలా చూసుకుంటే హాజరు లెక్కల్లో ఏదైనా అటూ ఇటూ అయినా ఇబ్బంది ఉండదు.

ఇంకొకటి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అలవెన్సుల్లాంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. 1,60,000లో బేసిక్ 60,000 ఉన్నవాళ్లకు గ్రాట్యుటీ 80,000 మీద పడే వీలుంది. అప్పుడు 5,53,846. ఏ వేతనం మీద కడుతున్నారో పేరోల్‌ని మెయిల్లోనే అడగండి, ఫోన్లో వద్దు. బడ్జెట్ మాత్రం తక్కువ అంకె మీదే వేసుకోండి. గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి, 20 లక్షల దాకా పన్ను లేదు. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కి కూడా మినహాయింపు ఉంది, గరిష్ఠం 25 లక్షలు. ఆ లెక్క పేరోల్ వాళ్లు సరిగ్గా వేశారో లేదో ఎఫ్ అండ్ ఎఫ్ (మానేటప్పుడు వేసే తుది లెక్క) షీట్‌లో చూసుకోవాలి.

టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) సంగతి. ఏప్రిల్ నుంచి మీకు ఏడాది మొత్తం జీతం వస్తుందన్న అంచనాతో కోస్తున్నారు. జులైలో ఆగితే ఆ ఏడాది జీతం ఆరున్నర లక్షల లోపే. కొత్త పన్ను విధానంలో పన్ను వేసే ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటుతో పన్ను సున్నా. చివరి నెలలో అసలు ఆదాయం మీద మళ్లీ లెక్క కట్టమనండి. చేయకపోతే మరుసటి ఏడాది రిటర్న్ వేసి రీఫండ్ తెచ్చుకోవాలి, అంటే ఏడాది పాటు మీ డబ్బు మీ దగ్గర ఉండదు.

ల్యాప్‌టాప్ ఇచ్చేసే ముందు పే స్లిప్పులన్నీ, పాత ఫారం 16లు, ఇన్సూరెన్స్ ఈ-కార్డులు దించుకోండి. బ్యాంకుకీ యూఏఎన్‌కీ (పీఎఫ్ నంబరు) కంపెనీ మెయిల్, కంపెనీ సిమ్ ఇచ్చి ఉంటే ఇప్పుడే మార్చండి. ఓటీపీ పాత నంబరుకు పోయాక పడే తిప్పలు వేరే లెవెల్.

యశ్వంతపుర_లైన్

చదువు వైపు నుంచి కొన్ని.

కోప్‌లో ప్రతి రౌండ్‌లో మూడే దారులు: తీసుకుని ఖాయం చేసుకోవడం, పట్టుకుని తర్వాతి రౌండ్‌కి ఆగడం, వద్దని ఆగడం. ఖాయం చేసుకుంటే తర్వాతి రౌండ్లు ఉండవు. వద్దని నొక్కిన సీటు మళ్లీ రాదు. గడువు లోపల ఏదీ నొక్కకపోతే కూడా నష్టమే, రౌండ్ తేదీలకు ఫోన్లో అలారం పెట్టుకోండి. ఆఫీసులో రిలీజ్ ఉందని మర్చిపోయే పని కాదిది.

స్టైపెండ్ నెలకు 12,400. ఊరికే రాదు, వారానికి 8 గంటలు టీచింగ్ అసిస్టెంట్ పని ఉంటుంది: పేపర్లు దిద్దడం, ల్యాబ్ చూడటం లాంటివి. మొదటి నెలలది ఆలస్యంగా, రెండు మూడు కలిపి పడటం మామూలే. దాన్ని నమ్ముకుని ఈఎంఐ తేదీ పెట్టుకోవద్దు. స్టైపెండ్ తీసుకుంటూ వేరే జీతం, ఫ్రీలాన్స్ బిల్లులు పెట్టుకుంటే చిక్కు. పాత కంపెనీలో జీతం లేని సెలవు మీద పేరు ఉంచుకుందాం అనుకుంటే దానికి కూడా ఇన్‌స్టిట్యూట్ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి.

సర్టిఫికెట్లు ఇప్పుడే తీయండి. నెల్లూరు కాలేజీ అయితే జేఎన్‌టీయూ అనంతపురం కింద అనుకుంటున్నాను. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ చేతిలో ఉన్నాయా? మైగ్రేషన్ సర్టిఫికెట్, టీసీ? 12 ఏళ్ల కింద బీటెక్ అయినవాళ్లలో చాలామంది ఓడీ తీసుకోనే లేదు, పీసీతోనే ఉద్యోగాలు నడిచిపోయాయి. పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. ఓబీసీ సర్టిఫికెట్ అయితే కేంద్ర ఫార్మాట్‌లో, ఈ ఆర్థిక సంవత్సరానిది కావాలి. అందులో క్రీమీ లేయర్ తల్లిదండ్రుల స్థితిని బట్టి చూస్తారు, మీ జీతం లెక్కలోకి రాదు. ఈడబ్ల్యూఎస్‌లో మాత్రం మీ జీతమూ, భార్య జీతమూ కలుస్తాయి, 8 లక్షల హద్దు. కాబట్టి అటు చూడకండి.

చేరే రోజు రిలీవింగ్ లెటర్ అడుగుతారు. హెచ్ఆర్ వాళ్లు అది ఎఫ్ అండ్ ఎఫ్ తర్వాతే ఇస్తామంటే, చివరి రోజునే రిలీవింగ్ విడిగా ఇవ్వమని రాజీనామా మెయిల్లోనే రాయండి.

ఇక అసలు కష్టం లెక్కలు. 11 ఏళ్లు టెస్టింగ్‌లో ఉన్నవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ ఇబ్బంది పెట్టదు, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పెడతాయి. గేట్‌లో నేర్చుకున్నది జవాబు గుర్తించడానికి పనికొస్తుంది. ఇక్కడ ప్రూఫ్ రాయాలి. మే, జూన్, జులై మూడు నెలలు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైటు) ఆ రెండు కోర్సులు అసైన్‌మెంట్లతో సహా పూర్తి చేయండి. వీడియో చూసి వదిలేస్తే లాభం లేదు. రోజూ రెండు గంటలు పెన్ను పట్టి కూర్చునే అలవాటు మళ్లీ రావడానికే నెల పడుతుంది.

ఐఐఎస్సీ వచ్చి, కాడుగోడి నుంచి రోజూ మెట్రోలో తిరుగుదాం అనుకుంటే: పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్, అక్కడ గ్రీన్ లైన్ మారి శాండల్ సోప్ ఫ్యాక్టరీ లేదా యశ్వంతపుర. గుమ్మం నుంచి గుమ్మానికి గంటన్నర వేసుకోండి. క్లాసులు, టీఏ పని, రాత్రి అసైన్‌మెంటు గ్రూపులు చూస్తే మొదటి సెమిస్టర్ వారం రోజులూ హాస్టల్, శనాదివారాలు ఇల్లు అనేదే నడిచే ఏర్పాటు. మద్రాసు వస్తే ఆ ప్రశ్నే లేదు, ప్రయాణం ఖర్చు కలుపుకోవాలి అంతే.

ఖాతా_పుస్తకం

డబ్బు లెక్క వేద్దాం. ఖర్చు: 38,000 + 36,000 + 10,000, దానికి కొత్తగా ఇన్సూరెన్స్ ప్రీమియాలకు 6,000 కలపండి. నెలకు 90,000. రాబడి 28,000 + 12,400 = 40,400. లోటు 49,600. 24 నెలలకు 11,90,400. చదువయ్యాక ఉద్యోగం దొరికే దాకా ఆరు నెలలు వేసుకోండి. అప్పుడు స్టైపెండ్ కూడా ఉండదు, నెలకు 62,000 చొప్పున 3,72,000. మొత్తం 15,62,400. సెమిస్టర్ ఫీజులు, హాస్టల్ దీని మీద అదనం. మీ దగ్గర 14 లక్షలు + గ్రాట్యుటీ 4.15 లక్షలు. సరిపోయినట్టే కనిపిస్తుంది, ఒక్క ఆసుపత్రి బిల్లు వస్తే సరిపోదు.

కోయగలిగింది ఈఎంఐ ఒక్కటే. ఇప్పటి లెక్కన మీ లోన్ పదేళ్లలో తీరిపోతుంది. అదే 31 లక్షలను 8.5 శాతానికే 20 ఏళ్లకు పెడితే ఈఎంఐ సుమారు 26,900. నెలకు 11,100 చొప్పున 30 నెలల్లో 3,33,000 మిగులుతుంది. వడ్డీ మొత్తం పెరుగుతుంది నిజమే, కానీ ఫ్లోటింగ్ రేటు లోన్‌కు ముందస్తు చెల్లింపు మీద ఛార్జీ లేదు కాబట్టి ఉద్యోగం వచ్చాక ఎక్కువ కట్టేసి మళ్లీ తగ్గించుకోవచ్చు.

ఎలా చేస్తారన్నది ముఖ్యం. ఉద్యోగం పోయాక కట్టలేనని గడువు పొడిగించమంటే అది రీస్ట్రక్చరింగ్ కింద సిబిల్‌లో (మీ అప్పుల చరిత్ర రికార్డు) పడుతుంది. ఇప్పుడే వేరే బ్యాంకుకు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేసి కొత్త గడువు పెట్టుకుంటే మామూలు లోన్. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, తాకట్టు పత్రం మీద స్టాంప్ డ్యూటీ ఉంటాయి, మూడు బ్యాంకుల్లో రాతపూర్వకంగా కొటేషన్ తీసుకోండి. పే స్లిప్పులు కావాలి కాబట్టి రాజీనామాకు ముందు అయ్యే పని ఇది. రాజీనామా పెట్టాక ఉద్యోగం కొనసాగుతోందని ఫారంలో రాస్తే తప్పుడు సమాచారం ఇచ్చినట్టే, ఆ దారి వద్దు. టర్మ్ ఇన్సూరెన్స్ విడిగా లేకపోతే అదీ ఇప్పుడే తీసుకోండి. ఆదాయం రుజువు లేకుండా పెద్ద కవర్ ఇవ్వరు. కంపెనీ గ్రూప్ లైఫ్, పీఎఫ్‌తో వచ్చే ఈడీఎల్ఐ బీమా రెండూ ఉద్యోగంతోనే ఆగిపోతాయి.

మ్యూచువల్ ఫండ్లు ఇప్పుడు అమ్మకండి. ముందు ఎఫ్‌డీలు వాడండి. వచ్చే ఏప్రిల్ నుంచి మార్చి దాకా మీరు పూర్తిగా విద్యార్థి, జీతం లేదు. ఆ ఏడాది ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాలిక లాభం 1,25,000 దాకా ఎలాగూ పన్ను లేదు, దానికి తోడు వాడుకోని 4 లక్షల ప్రాథమిక మినహాయింపును కూడా ఆ లాభానికి సర్దుకోవచ్చు. అదే ఈ ఏడాది అమ్మితే 1,25,000 దాటిన లాభం మీద 12.5 శాతం, జీతానికి వచ్చే రిబేటు దీనికి వర్తించదు.

కాడుగోడి_క్యూఏ

ముగ్గురికీ థాంక్స్. జులై 5 సంగతి నాకు తట్టనే లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ తీశాను, బైఅవుట్ బేసిక్ మీదే. రెండు ప్రశ్నలు: పీఎఫ్ తీసి లోన్‌లో కట్టేస్తే? అమ్మానాన్న ఇన్సూరెన్స్ ఎలా?

ఖాతా_పుస్తకం

పీఎఫ్ కదపొద్దు. అయిదేళ్లు దాటింది కాబట్టి తీసినా పన్ను లేదు, కానీ 8.5 శాతం లోన్ కోసం దాదాపు అంతే వడ్డీ వచ్చే రిటైర్మెంట్ నిధిని కరగదీయడం దేనికి? పైగా రెండు నెలలు ఆగితే మొత్తం చేతికొస్తుందన్న పాత లెక్క మీద ప్లాన్ చేయకండి. ఆ గడువును 12 నెలలకు పెంచాలని 2025 అక్టోబర్‌లోనే పీఎఫ్ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. ఖాతా అలాగే ఉంటే వడ్డీ పడుతుంది, అయితే ఉద్యోగం మానాక పడే వడ్డీకి పన్ను ఉంది, రిటర్న్‌లో చూపాలి. మీ పీఎఫ్‌లో పెన్షన్ భాగం ఉంటే, పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి అది నగదుగా రాదు, సర్వీసు నమోదు చేసిన స్కీమ్ సర్టిఫికెట్టే. ఇప్పటి సర్వీసుతో 15,000 (పెన్షన్‌కు లెక్కేసే వేతన పరిమితి) × 12 (ఏళ్లు)/70, అంటే 58 ఏళ్లకు నెలకు సుమారు 2,571. మళ్లీ ఉద్యోగంలో చేరితే సర్వీసు కలుస్తుంది. కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే చివరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

అడయార్_అజ్ఞాత

ఇన్సూరెన్స్: చాలా కంపెనీల్లో చివరి పనిదినంతోనే గ్రూప్ కవర్ పోతుంది, నెలాఖరు దాకా కూడా ఉండదు. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంది. ఇలా మారితే ఇప్పటికే గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలిసొస్తుంది. కొత్తగా తీసుకుంటే షుగర్ లాంటి ముందున్న జబ్బులకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు, మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప కవర్ ఉండదు. దరఖాస్తు కనీసం 45 రోజుల ముందు పెట్టండి. చివరి రోజు జులై 10 అయితే మే 26లోపు. షుగర్ సంగతి దాచకుండా రాయండి, క్లెయిమ్‌లు తిరగ్గొట్టడానికి మొదట వెతికేది అదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, పాత కొటేషన్లు చూసి భయపడకండి.

నాన్నగారికి 70 దాటాయి కాబట్టి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆధార్‌తో చేయించండి. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షలు. నెల్లూరులో ఏ ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయో ముందే చూసుకోండి. అమ్మగారికి అది వర్తించదు, ఆవిడకు పాలసీ తప్పదు. మీ ఆవిడ స్కూల్లో గ్రూప్ కవర్ ఉంటే మీరూ పాపా అందులోకి. ఉద్యోగం పోయిన రోజు నుంచి పేర్లు చేర్చడానికి గడువు ఉంటుంది, చాలా చోట్ల 30 రోజులే.

ఎలక్ట్రానిక్‌సిటీ_ఫేజ్1

అందరూ ఎలా మానాలో చెప్పారు, నేను కొంచెం అడ్డం పడతాను. ఎంటెక్ తర్వాత మీకు ఏ పని కావాలి? జీతం పెరగడం కోసమే అయితే ఇది నష్టం బేరం. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో చాలా కంపెనీలు 11 ఏళ్ల అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవు, ఫ్రెషర్ బ్యాండే. లేటరల్‌గా (క్యాంపస్ బయట, అనుభవం మీద) వెళ్తే మళ్లీ టెస్టింగ్ రోల్సే పిలుస్తాయి. సిస్టమ్స్, కంపైలర్లు, మెషిన్ లెర్నింగ్ లాంటి పనికి మారాలంటే మాత్రం రెండో ఏడాది ప్రాజెక్టు ఎవరి దగ్గర చేశారన్నదే ముఖ్యం. సీటు ఖాయం చేసుకునే ముందే డిపార్ట్‌మెంట్ పేజీలో ఏ ల్యాబ్ ఏం చేస్తోందో చదివి ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్లను గుర్తుపెట్టుకోండి.

రీసెర్చే ఇష్టమైతే బీటెక్ మీదే పీహెచ్‌డీకి వెళ్లే వీలు ఐఐఎస్సీలో ఉంది. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000. పైన వేసిన లోటు సగానికి పడుతుంది, కాలం మాత్రం అయిదేళ్లు. మేనేజ్‌మెంట్ వైపు మనసుంటే ఐఐఎం బెంగళూరులో ఉద్యోగం చేస్తూనే వారాంతాల్లో చదివే పీజీపీఈఎం కోర్సు ఉంది, దానికి ఈ తంటాలేవీ అక్కర్లేదు.

కాడుగోడి_క్యూఏ

కంపైలర్ల వైపే, ఆ విషయంలో మనసు మారదు. స్కోరు గత మూడేళ్ల కనిష్ఠం కంటే బాగా పైనే ఉంది కాబట్టి ఈ నెల బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, టర్మ్ పాలసీ; మే 4 సోమవారం రాజీనామా; ఇన్సూరెన్స్ మార్పు కాగితం మే 20 లోపు. మేనేజర్‌కి ముందే నోటిమాటగా చెప్పొచ్చా?

పేరోల్_పద్దు

చెప్పొచ్చు, లోన్ డబ్బు విడుదలైన తర్వాత. బోనస్ ఏప్రిల్ జీతంతో వస్తుందంటే అది ఖాతాలో పడ్డాక చెప్పండి. చాలా పాలసీల్లో 'నోటీసులో ఉన్నవాళ్లకు బోనస్ లేదు' అని ఉంటుంది. రిటెన్షన్ బోనసో, కంపెనీ కట్టిన కోర్సు ఫీజో తిరిగి కట్టాల్సింది ఉందేమో కూడా చూసుకోండి. ఇంకో మాట: మే 4న పెడితే 90 రోజులు ఆగస్టు 2కి పడతాయి. జులై 24కి వదలమని అడగండి. తొమ్మిది పది రోజుల బైఅవుట్ పెద్ద భారం కాదు, రిలీవింగ్ లెటర్ చేతికి రావడానికి వారం చేతిలో ఉంటుంది, గ్రాట్యుటీ తేదీ కూడా దాటి ఉంటుంది. ఆ లెక్కన ఇన్సూరెన్స్ కాగితానికి జూన్ 9 దాకా టైముంది. అయినా మే 20కే పెట్టేయండి, వాళ్లు మెడికల్ టెస్టులు అడిగితే నెల్లూరు నుంచి పెద్దవాళ్లను తీసుకురావడానికి టైము కావాలి.